నీళ్లలో దిగకుండానే పగడాలు చదివిన ఆవిడ

పిల్లలూ,

మొన్న వీడియో కాల్‌లో చిన్నది అడిగింది కదా, "అమ్మమ్మా, సముద్రం అందరిదీ కదా, మరి సముద్రం గురించి చదివే నల్లజాతి ఆడవాళ్లకి విడిగా సంఘాలెందుకు?" అని. అప్పుడు పొయ్యి మీద పప్పు ఉంది, ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా, సగంలో వదిలేయకుండా చదవండి.

అమెరికాలో సముద్రం అందరిదీ కాదు, చాలాకాలం పాటు. మయామీ ఊరే చూడండి, చుట్టూ నీళ్లే, కానీ అక్కడి బీచిల్లో నల్లవాళ్లు దిగడానికి ఉండేది కాదు. 1945 మే నెలలో కొందరు పంతం పట్టి, అరెస్టు చేస్తే చేసుకోండి అని హౌలోవర్ బీచిలో దిగారు. దాంతో ఆగస్టులో వర్జీనియా కీ అనే దీవిలో ఒక బీచి 'నల్లవాళ్లకు మాత్రమే' అని ఇచ్చారు. వంతెన కూడా లేదు అప్పటికి, పడవెక్కి పోవాలి.

ఆ ఏడు అదే మయామీలో జోన్ మరెల్ అనే పన్నెండేళ్ల పిల్ల ఉంది, పళ్ల డాక్టరుగారి కూతురు. సముద్ర జీవులంటే పిచ్చి. 1950లో ఫిస్క్ యూనివర్సిటీలో చేరితే అక్కడ మెరైన్ బయాలజీ అనే కోర్సే లేదు. సరే అని చిత్రకళ చదివింది, తర్వాత చదువులో వెనకబడిన పిల్లలకి పాఠాలు చెప్పే పనిలో పడింది, ఇరవై ఏళ్లు అలా గడిచాయి. 37వ ఏట మళ్లీ కాలేజీలో చేరింది, వాషింగ్టన్‌లో. అక్కడా ఆ కోర్సు లేదు! జియాలజీ తీసుకుని పక్కన జువాలజీ పెట్టుకుంది. పైగా ఆవిడది సికిల్ సెల్ రక్తం (ఎర్రకణాలు కొడవలిలా వంగే లక్షణం, మన మన్యంలోనూ, ఆదిలాబాద్ వైపూ గిరిజనుల్లో ఉంటుందే, అదే). సిలిండర్ కట్టుకుని నీళ్లలో దిగడానికి వీల్లేదు. అందుకని స్మిత్సోనియన్ మ్యూజియంలో దాచిన బటన్ పగడాల మీద పడింది. ఇవి దిబ్బలు కట్టే రకం కాదు, చొక్కా గుండీలా ఒక్కొక్కటీ విడిగా, లోతు నీళ్లలో పెరుగుతాయి. 1984లో పీహెచ్‌డీ వచ్చింది. అదీ జియాలజీలో, అప్పటికి యాభై దాటాయి. కొత్త పగడాలని గుర్తించి పేర్లు పెట్టింది, ఒకదానికి భర్త ఫ్రాంక్ పేరు కూడా. జోన్ మరెల్ ఓవెన్స్ అని వెతికితే దొరుకుతుంది.

ఆవిడ కథ బాగానే ముగిసింది. రోజర్ ఆర్లినర్ యంగ్ కథ అలా కాదు. పేరు చూసి మగవాడనుకోకండి, ఆడమనిషే. పారమీషియం అనే ఏకకణ జీవి మీద ఆవిడ రాసిన పేపర్ 1924లోనే 'సైన్స్' పత్రికలో వచ్చింది. 1927 నుంచి వేసవుల్లో వుడ్స్ హోల్ సముద్ర ప్రయోగశాలలో సీ అర్చిన్ (ముళ్ల బంతిలా ఉండే సముద్ర జీవి) గుడ్లతో పని. మిగతా ఏడాదంతా హోవర్డ్ యూనివర్సిటీలో మోయలేనన్ని క్లాసులు, ఇంట్లో మంచాన పడ్డ తల్లి. 1930లో షికాగోలో డాక్టరేట్ అర్హత పరీక్ష తప్పింది. తప్పదా మరి? 1936లో ఉద్యోగమూ పోయింది. అప్పుడు ఆదుకున్నది హైల్‌బ్రన్ అనే ప్రొఫెసర్, వుడ్స్ హోల్‌లో పరిచయమైనవాడు. పెన్సిల్వేనియాలో ఆయన దగ్గర చేరి 1940లో జువాలజీలో డాక్టరేట్ తెచ్చుకుంది, నల్లజాతి అమెరికన్ మహిళల్లో మొదటిది. కానీ ఆ తర్వాత నిలకడగా ఎక్కడా చోటు దొరకలేదు, కొంతకాలం మానసిక చికిత్సాలయంలో ఉండి 1964లో పోయింది. ఈ భాగం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా రోజుల్లో నాకూ ఒకసారి, ఫీల్డ్ ట్రిప్పులో మగపిల్లల్ని పడవెక్కించి మమ్మల్ని ఒడ్డునే కూర్చోబెట్టారు. ఆ పొద్దుటి ఉక్రోషం ఇప్పటికీ ఉంది. ఒక్క పొద్దు! వాళ్లకి జన్మంతా అదే అని ఊహించుకోండి.

ఇక సంఘాల సంగతి. 2020లో సొరచేపల మీద పనిచేసే నలుగురు నల్లజాతి అమ్మాయిలు ట్విట్టర్‌లో ఒకళ్లకొకళ్లు తగిలారు. అప్పటిదాకా ఎవరికి వాళ్లు తాము ఒక్కళ్లమే అనుకుంటున్నారట. జాస్మిన్ గ్రాహమ్, కార్లీ జాక్సన్, జైదా ఎల్కాక్, అమానీ వెబ్బర్-షుల్జ్. కలిసి 'మైనారిటీస్ ఇన్ షార్క్ సైన్సెస్' పెట్టారు. కొత్తవాళ్లని పడవ మీద తీసుకెళ్లి సొరచేపల పని నేర్పుతారు, ఖర్చులు సంఘానివే. నాకు నచ్చింది అదే. ఈ రంగంలో ముందు ఊరికే పనిచేసి అనుభవం తెచ్చుకో అంటారు, జీతం లేకుండా వేసవంతా పనిచేయడం ఎవరికి కుదురుతుంది, ఇంట్లో డబ్బున్నవాళ్లకే కదా. "నువ్వు చాలా స్ట్రాంగ్ అమ్మా" అని మెచ్చుకుంటే టికెట్ రాదు. ఇంకో చిక్కుంది. డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ఒక్క నల్లజాతి ప్రొఫెసర్‌నీ ప్రతి కమిటీలో వేస్తారు, ఆవిడ పేపర్లు రాసేదెప్పుడు?

ఆ ఏడాదే నిక్కీ ట్రేలర్-నోల్స్ అనే పగడాల శాస్త్రవేత్త నల్లజాతి మహిళల కోసమే ఇంకో సంఘం మొదలుపెట్టారు. ఆవిడ పనిచేసే రోజెన్‌స్టీల్ స్కూల్ (మయామీ యూనివర్సిటీ వాళ్ల సముద్ర శాస్త్రాల కాలేజీ) ఎక్కడుందో మ్యాప్‌లో చూడండి. వర్జీనియా కీ దీవి మీద!

చిన్నదాని ఈత క్లాసు ఫీజు మీ అమ్మ ఖాతాలో వేశాను. కళ్లద్దాలు కూడా కొనమను, ఉప్పు నీళ్లకి కళ్లు మండుతాయి.

ప్రేమతో,
అమ్మమ్మ