వేళాంగణి యాత్ర: బస్సులో వినే అపోహలు, అక్కడి వాస్తవాలు

కోస్తా జిల్లాల నుంచి తమిళనాడు సముద్రతీరంలోని మరియమ్మ తల్లి పుణ్యక్షేత్రం వేళాంగణికి బస్సు యాత్రలు నడుపుతుంటాను. ఎక్కేవాళ్లలో ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) వాళ్లుంటారు, బాప్టిస్టులుంటారు, ఇంట్లో వెంకన్న ఫొటో పక్కనే మరియమ్మ తల్లి ఫొటో పెట్టుకున్నవాళ్లూ ఉంటారు. నెల్లూరు దాటేలోపే అందరికీ ఒకటే టెన్షన్: అక్కడ ఏం చేయాలి? నిజానికి తప్పనిసరిగా చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. చేయకూడనిది మాత్రం ఒకటుంది.

అపోహ: క్రైస్తవులు కానివాళ్లు లోపలికి వెళ్లకూడదు

ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మాత తిరునాళ్లకు అన్ని మతాలవాళ్లూ రావడం చూసినవాళ్లెవరూ ఈ ప్రశ్న అడగరు. వేళాంగణి ఆరోగ్యమాత గుడిలోనూ అంతే, మీ మతమేంటని ఎవరూ అడగరు. వేళాంగణి తంజావూరు మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) కిందికి వస్తుంది. 2024 ఆగస్టులో వాటికన్ అక్కడి బిషప్‌కు రాసిన లేఖలో, ఇతర మతాలవాళ్లు ఈ తల్లి దగ్గరికి వచ్చి ఊరట పొందడాన్ని మతాలను కలగలపడంగా చూడకూడదని స్పష్టంగా చెప్పింది.

అపోహ: పూజలో ఇచ్చేది ప్రసాదమే కదా, అందరం తీసుకోవచ్చు

చేయకూడనిది ఇదే. ఫాదర్ జరిపే పూజ (మాస్) చివరి భాగంలో జనం లేచి వరుస కడతారు. వరుస చూడగానే మనవాళ్లకు కాళ్లు ఆగవు. ఫాదర్ ఇచ్చే ఆ పల్చటి తెల్లని అప్పాన్ని దివ్యసత్ప్రసాదం అంటారు. లడ్డూలా, పులిహోరలా పంచిపెట్టేది కాదది. అది సాక్షాత్తూ క్రీస్తు శరీరమని కతోలికుల విశ్వాసం. జ్ఞానస్నానం పొంది, సిద్ధపడి వచ్చిన కతోలికులే తీసుకుంటారు. ఇంట్లో నాన్నమ్మకు ఇద్దామని కొందరు జేబులో వేసుకుంటారు, కతోలికుల దృష్టిలో అంతకన్నా పెద్ద అపచారం లేదు. "మా సంఘంలో మేం బల్ల (ప్రభువు భోజనం) తీసుకుంటాం కదండీ" అంటారు ప్రొటెస్టెంట్ అన్నయ్యలు. అయినా మామూలుగా ఇక్కడ తీసుకోకూడదు. బెంచీ మీద కూర్చుని ఉండిపోండి. ఎవరూ తప్పుగా అనుకోరు.

అపోహ: గుండు చేయించుకుని, మోకాళ్ల మీద నడిచి, సముద్రంలో మునిగితేనే మొక్కు తీరినట్టు

తలనీలాలు ఇచ్చేవాళ్లున్నారు. గుడికీ మాత కొలనుకూ మధ్య ఇసుక దారిలో మోకాళ్ల మీద నడిచేవాళ్లున్నారు. ఊయలలు, కొబ్బరి మొక్కలు సమర్పించేవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ ఎవరికి వాళ్లు మొక్కుకున్నవి. తిరుసభ (కతోలిక సంఘం) విధించిన నియమం ఒక్కటీ లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మలు ఆ దారిలో నడిచే వెళ్లొచ్చు. సముద్ర స్నానం గురించైతే గట్టిగానే చెబుతాను: పుణ్యం కోసం ఎవరూ దిగక్కర్లేదు. ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో, మా బస్సు పిల్లల్ని నీళ్ల దగ్గరికి పోనివ్వను.

అపోహ: సునామీ వేళాంగణిని తాకలేదు

వాట్సాప్‌లో ఏటా తిరిగే కథ ఇది. 2004 డిసెంబరు 26 ఆదివారం. క్రిస్మస్‌కు వచ్చిన భక్తులతో ఊరు కిటకిటలాడుతోంది. బసిలికా (పోప్ ప్రత్యేక హోదా ఇచ్చిన ఆ గుడి) కట్టడం నిలిచింది, నిజమే. కానీ తీరంలో ఉన్నవాళ్లూ దుకాణాలవాళ్లూ కలిపి వందలమంది చనిపోయారు. గుడి నిలవడాన్ని మహిమ అనుకోవడం మీ ఇష్టం. చనిపోయినవాళ్లను కథలోంచి తీసేయడం మాత్రం నాకు నచ్చదు. అక్కడి దుకాణంలో నిలబడి ఆ కథ చెప్పకండి, ఎదుటి మనిషి ఆరోజు ఎవరిని పోగొట్టుకున్నాడో మనకు తెలియదు.

అపోహ: గుడి కట్టింది పోర్చుగీసువాళ్లు, భక్తి కూడా వాళ్లతోనే వచ్చింది

తుఫానులో చిక్కిన పోర్చుగీసు నావికులు సెప్టెంబరు 8న ఇక్కడ ఒడ్డుకు చేరారనీ, కృతజ్ఞతగా గుడి కట్టారనీ చెబుతారు. వాళ్లు తెచ్చిన చైనా పింగాణీ పలకలు బలిపీఠం దగ్గర ఉన్నాయి, తప్పక చూడండి. అయితే స్థల సంప్రదాయం ప్రకారం అంతకుముందే ఇక్కడో పూరిపాక గుడి ఉంది. పాలు మోసుకెళ్లే కుర్రాడికి, మజ్జిగ అమ్మే అవిటి పిల్లాడికి తల్లి కనిపించిందనే కథలు దాని వెనకున్నవే. 1962లో వచ్చిన బసిలికా హోదా చాలా తర్వాతి మాట.

అపోహ: పండగకు వెళ్తేనే ఫలితం

ఆగస్టు 29న జెండా ఎగరేస్తారు, సెప్టెంబరు 7 సాయంత్రం పెద్ద తేరు, 8న పండగ. ఆ సందడి చూడాలనుంటే సరే, గది మాత్రం చాలా ముందే చూసుకోండి. ముసలివాళ్లతో, చంటిపిల్లలతో వెళ్తుంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో మామూలు రోజు ఎంచుకోండి. తెలుగు పూజ ఎప్పుడుందో దిగగానే గుడి ఆఫీసులో కనుక్కోండి, వేళలు మారుతుంటాయి.