తొమ్మిదేళ్ల వయసులో తీసిన రక్తం

కోవిడ్ రోజుల్లో మన ఇళ్లలో చాలామంది రక్త పరీక్షల కాగితాలు చదవడం నేర్చుకున్నారు. సీఆర్‌పీ ఎంత, ఐఎల్-6 ఎంత అని ఫోన్లు చేసి మరీ కనుక్కునేవారు. ఐఎల్-6 అంటే రోగనిరోధక కణాలు పంపుకునే ఒక కబురు. అది చేరితే కాలేయం సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను తయారు చేస్తుంది. ఒంట్లో ఎక్కడో ఇన్‌ఫ్లమేషన్, అంటే రోగనిరోధక వ్యవస్థ రేపే వాపు, రగులుతోందని చెప్పే ఈ అంకెలే స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు పరిశోధనలోనూ పదేపదే ఎదురవుతున్నాయి.

ఎవరూ లేనిచోట మాటలు వినపడటం, అందరూ తనపై కుట్ర పన్నుతున్నారని నమ్మడం మొదలైన తొలి దశలోనూ, జబ్బు తిరగబెట్టినప్పుడూ ఐఎల్-6 పెరుగుతుందని, చికిత్సతో నెమ్మదించాక దిగుతుందని 2011లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో తేలింది. టీఎన్‌ఎఫ్-ఆల్ఫా వంటి మరికొన్ని కబుర్లు మాత్రం అలా దిగలేదు.

రక్తంలోని కబురు ఆలోచనను ఎలా తాకుతుంది? ఒక దారి ఇలా ఉండవచ్చు. పప్పులో, పాలలో దొరికే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని ఇన్‌ఫ్లమేషన్ కైన్యురెనిన్ అనే మరో పదార్థంగా మారే దారికి మళ్లిస్తుంది. అక్కడ పుట్టే కైన్యురెనిక్ ఆమ్లం మెదడులోని ఎన్‌ఎండీఏ గ్రాహకాలను, అంటే నాడీకణాలు సంకేతాలు అందుకునే ద్వారాలను, అడ్డుకుంటుంది. కెటమిన్ అనే మత్తుమందు అడ్డుకునేదీ వాటినే. అది ఆరోగ్యవంతుల్లో కూడా కాసేపు ఇలాంటి లక్షణాలే తెప్పిస్తుంది.

అయితే పొగ తాగినా, బరువు పెరిగినా సీఆర్‌పీ పెరుగుతుంది. ఈ జబ్బుకిచ్చే కొన్ని మందులతోనే బరువు పెరుగుతారు. ఆ అంకె చూసి స్కిజోఫ్రెనియా ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. మరి ఏది ముందు, ఏది వెనుక?

అందుకే ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ప్రాంతపు పిల్లల అధ్యయనం నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. తొమ్మిదో ఏట, అంటే సిగరెట్లూ ఈ జబ్బు మందులూ ఇంకా దరిచేరని వయసులో, రక్తం తీశారు. పద్దెనిమిదో ఏట మళ్లీ పలకరించారు. ఐఎల్-6 బాగా ఎక్కువున్న మూడో వంతు పిల్లల్లో, బాగా తక్కువున్న మూడో వంతుతో పోలిస్తే, భ్రమల వంటి అనుభవాలకు అవకాశం రెండింతలకు దగ్గరగా ఉంది. ఈ ఫలితం 2014లో వెలువడింది.

మాటా పలుకూ తగ్గి, స్నానం కూడా మానేసి మూలన కూర్చున్న కుర్రాణ్ని బద్ధకస్తుడని తిడుతుంటారు. వింటే ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే అదీ జబ్బు లక్షణమే, ఇప్పటి మందులకు అంతగా లొంగని లక్షణం. దానికోసమే ఇన్‌ఫ్లమేషన్‌ను కూడా తగ్గించే మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను బ్రిటన్‌లో పరీక్షించారు. 2018లో వచ్చిన ఫలితం నిరాశే మిగిల్చింది. అయితే అందులో రోగులను ఇన్‌ఫ్లమేషన్ చూసి ఎంచుకోలేదు. ఇప్పుడు ముందుగా రక్తం పరీక్షించి, ఆ అంకెలు ఎక్కువున్నవారికే మందు ఇచ్చి చూసే ప్రయోగాలు మొదలయ్యాయి.