చెరువు కలుపు: లాగేముందు మొక్కను తిరగేసి చూడాలి

చెరువులో కలుపు తీయాలంటే ముందుగా తెలియాల్సింది ఆ మొక్క ఎలా పిలకలేస్తుందో. ఒకదానికి పనికొచ్చిన పద్ధతి ఇంకోదాన్ని చెరువంతా పాకిస్తుంది.

గుర్రపుడెక్కను ఒకదాన్ని తిరగేసి చూడండి. ఉబ్బిన కాడల్లో స్పంజిలా గాలి గదులుంటాయి, అందుకే తేలుతుంది. కింద నల్లటి ఈకల్లాంటి వేళ్లు. పక్కనుంచి సాగిన తీగ కొసన పిల్లమొక్క. వెచ్చటి నీళ్లు, కాస్త ఎరువు దొరికితే అది పరుచుకున్న మేర ఒకటి రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. సగం తీసి పక్షం రోజులు ఆగితే చేసిన చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. గాలి వీచే రోజు చూసుకుంటే మేలు, మొక్కలు వాటంతటవే ఒక గట్టుకు కొట్టుకొస్తాయి. ఇద్దరు తాడు రెండు కొసలూ పట్టుకుని చుట్టబెట్టి ఒడ్డుకు లాగాలి. బరువులో 90 శాతానికి పైగా నీరే కాబట్టి ఒకరోజు ఒడ్డున ఓడనిచ్చి, ఆ తర్వాతే దూరంగా మోయాలి. గట్టు వాలులోనే వదిలేస్తే కుళ్లిన రసం తొలి వానకే చెరువులోకి దిగి, మళ్లీ మొలిచే కలుపుకే ఎరువవుతుంది. పూత రాకముందే తీయాలి. రాలిన గింజలు బురదలో 15 ఏళ్లు దాటినా మొలకెత్తగలవు.

నీటిపై తేలే అంతరతామరదీ ఇదే దారి. మాన్సోనియా దోమ పిల్లలు మిగతా దోమ పిల్లల్లా గాలికోసం నీటిపైకి రావు, ఈ తేలే మొక్కల వేళ్లను గుచ్చి అందులోని గాలే పీలుస్తాయి. పైనుంచి ఎంత చూసినా కనబడవు. మొక్కలు పోతే అవీ పోతాయి.

నీటి అడుగున పెరిగే హైడ్రిల్లా దగ్గర దంతె వేసి బరబరా ఈడిస్తే మొదటికే మోసం. ఆకులు చుట్టూ తిరిగిన ఒక్క కణుపు చాలు, తెగిన ముక్క కొత్త మొక్కవుతుంది. చెయ్యి అడుగుదాకా పోనిచ్చి, మొదలు పట్టి మెల్లగా కదిలిస్తూ వేరుతో పెకలించాలి. పని చోటు చుట్టూ సన్నకన్ను వల కట్టి తెగిన ముక్కలు ఏరాలి. అయినా బురదలో బఠాణీ గింజంత దుంపలు మిగిలి, ఏళ్లతరబడి బతికుంటాయి. రెండు మూడు వారాలకోసారి దిగి, కొత్త దుంప పడేలోగా లాగుతూ ఉండాల్సిందే. ఒక మూల వరకే ఉంటే చేత్తో అవుతుంది. చెరువంతా అల్లుకుంటే ఆ పని చేతులకు లొంగదు.

జమ్మును పెకలించడం దండగ, కొయ్యాలి, అదీ నీటి మట్టానికి జానెడు కింద. దాని ఆకుల్లోని గొట్టాలు అడుగు దుంపకు గాలి అందిస్తాయి. కోసిన మోడు నీటిలో మునిగే ఉంటే దుంప ఊపిరాడక కుళ్లిపోతుంది. ఎండిన ఆకులూ గాలిని చేరవేస్తాయి, వాటినీ వదలకూడదు. నీరు తగ్గే కాలంలో కోస్తే మోళ్లు బయటపడి శ్రమ వృథా.

దారాల్లాంటి నాచును కర్రకు జడలా చుట్టి లాగడమే.

తీసిన చెత్త నీళ్లలోనే కుప్పగా వదిలితే కుళ్లుతూ ప్రాణవాయువును తినేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే కారణం చాలాసార్లు ఇదే. ఒకేరోజు చెరువంతా కలియబెట్టకుండా, పట్టీలు పట్టీలుగా తీయాలి. గుర్రపుడెక్కను మాత్రం ఒక్కటీ ఉంచకూడదు. అడుగున సహజంగా పెరిగే మిగతా మొక్కల్లో పావువంతు వదిలేయాలి. అవీ పోతే నీటిలోని ఎరువంతా నాచు పాలై నీళ్లు పచ్చబడతాయి.

దిగేముందు కర్రతో లోతు, బురద చూసుకోవాలి. మోకాలు దాటే లోతులో గమ్‌బూట్లు వద్దు, నీరు నిండితే కాలు కదలదు. ఒంటరిగా దిగకూడదు, కాలికి పుండు ఉంటే అసలే వద్దు. గుర్రపుడెక్క, అంతరతామరల్లోని సూదుల్లాంటి స్ఫటికాలు దురద పెడతాయి కాబట్టి చేతి తొడుగులుండాలి.

నీరు ఓడిన కలుపును నరికి, ఎండుటాకులతో కలిపి కుప్ప వేస్తే ఎరువవుతుంది. పూత వచ్చిన మొక్కలు అందులో కలపొద్దు, వేడెక్కని కుప్పలో గింజలు చావవు. ఫ్యాక్టరీ నీరు చేరే చెరువైతే గుర్రపుడెక్క వేళ్లు సీసం, కాడ్మియం పీల్చుకుని ఉంటాయి. ఆ ఎరువు కూరగాయల మడికి వేయకూడదు.