1837లో రాయని ఒక్క వాక్యం: హోచంక్ ప్రజల మొక్కల సేకరణ వివాదానికి నేపథ్యం

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తర భాగంలో, ప్రభుత్వ అడవిలోకి వెళ్ళిన ఓజిబ్వే జాతి మనిషి తన జాతి ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రంతో, నిబంధనలకు లోబడి, చెట్టు బెరడు ఒలుచుకోవచ్చు, మేపుల్ చెట్టుకు గాటు పెట్టి తీపి నీరు పట్టుకోవచ్చు, మందు వేళ్ళు తవ్వుకోవచ్చు. అదే రాష్ట్రంలో మరికొంత దక్షిణాన, తన పూర్వీకుల సమాధులున్న నేల మీదనే, హోచంక్ జాతి మనిషి అవే పనులు చేస్తే నిబంధనల ఉల్లంఘన అవుతుంది. విన్నెబాగోలు అని పాత గ్రంథాలు రాసింది ఈ హోచంక్ ప్రజల గురించే. నేడు వీరు రెండు గుర్తింపు పొందిన జాతి ప్రభుత్వాలుగా ఉన్నారు: విస్కాన్సిన్‌లో బ్లాక్ రివర్ ఫాల్స్ కేంద్రంగా ఉన్న హోచంక్ నేషన్, నెబ్రాస్కాలోని విన్నెబాగో ట్రైబ్. ప్రభుత్వ భూముల్లో మొక్కలు సేకరించుకొనే హక్కు ఏ ఆదివాసీలకు ఎంతవరకు ఉన్నదన్న ప్రశ్న అక్కడ రేగినప్పుడల్లా, ఇరుగుపొరుగు జాతుల మధ్య ఇంత తేడా ఎందుకన్న సందేహం కూడా వెంట వస్తుంది.  ఈ తేడాకు మూలం ఒకే సంవత్సరంలో, మూడు నెలల వ్యవధిలో కుదిరిన రెండు ఒడంబడికల్లో ఉన్నది.

1837 జూలై 29న, మిన్నెసోటా, మిసిసిపీ నదులు కలిసే చోట, ఫోర్ట్ స్నెల్లింగ్ దగ్గర, నాటి విస్కాన్సిన్ ప్రాంత గవర్నర్ హెన్రీ డాడ్జ్ ఓజిబ్వే పెద్దలతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. చర్చలు ఓజిబ్వేల ప్రాంతానికి దగ్గరలోనే, చాలా రోజుల పాటు, వందలాది మంది సమక్షంలో జరిగాయి. భూమిని ఇచ్చినా తమకు బతుకునిచ్చే చెట్టును, తాము తాగే నీటి వాగులను తమకే ఉంచుకుంటామని ఓజిబ్వే వక్త ఒకరు స్పష్టంగా చెప్పినట్టు నాటి చర్చల దినచర్యలో నమోదైంది. ఆ మాట ఒడంబడికలోని అయిదవ అధికరణంగా రూపం దిద్దుకున్నది: వదులుకున్న భూముల్లోనూ, నదుల్లోనూ, సరస్సుల్లోనూ వేటాడే, చేపలు పట్టే, అడవి వరి సేకరించే అవకాశం, అధ్యక్షుడు సమ్మతించినంత కాలం, వారికి ఉంటుంది.

అదే సంవత్సరం నవంబర్ 1న హోచంక్ ప్రతినిధులు సంతకాలు చేసిన ఒడంబడిక వాషింగ్టన్‌లో, ఇంటికి వందల మైళ్ళ దూరాన, ఇండియన్ వ్యవహారాల కమిషనర్ కేరీ ఎ. హారిస్ ఎదుట కుదిరింది. హోచంక్ ప్రజలు తరతరాలుగా చెబుతున్న కథనం ప్రకారం, భూమి అమ్మే అధికారం లేని వారినే ఉద్దేశపూర్వకంగా ఆ బృందంలో పంపారు. భూమికి సంబంధించిన నిర్ణయాల్లో ఎలుగుబంటి వంశానికి ప్రత్యేక బాధ్యత ఉన్నది. ఆ వంశం నుంచి వెళ్ళిన కొద్దిమందికీ అటువంటి అధికారం లేదు. సంతకం చేసే వరకు ఇంటికి పోనివ్వరన్న ఒత్తిడిలో వారు లొంగారు. భూమి ఖాళీ చేయడానికి ఎనిమిదేళ్ళ గడువు ఉన్నదని వారికి నోటిమాటగా చెప్పారు. కాగితం మీద ఉన్నది ఎనిమిది నెలలు. ప్రభుత్వ పక్షాన చూస్తే, సంతకాలు పడ్డాయి, సెనేట్ ఆమోదించింది, కనుక మిసిసిపీకి తూర్పున హోచంక్ హక్కులన్నీ ముగిసిపోయాయి. ఆ వాదనకు కాగితం బలం ఉన్నది. అయితే ఆ కాగితం ఎలా పుట్టిందన్నది పక్కన పెట్టి, అందులో ఏమి రాయలేదన్నదాన్ని మాత్రమే నేటికీ ప్రమాణంగా తీసుకోవడం న్యాయం కాదని ఈ రచయిత అభిప్రాయం.

తూర్పు తీరాన వేట గురించి గాని, సేకరణ గురించి గాని ఆ ఒడంబడికలో ఒక్క మాట లేదు. నిజానికి అంతకు అయిదేళ్ళ ముందు, సాక్ జాతి నాయకుడు బ్లాక్ హాక్ అమెరికా సైన్యంతో చేసిన యుద్ధం ముగిసిన వెంటనే, 1832 సెప్టెంబరులో రాక్ ఐలండ్‌లోని ఫోర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ వద్ద రాయించుకున్న ఒడంబడిక ఇంకా కఠినమైనది. విస్కాన్సిన్ నదికి దక్షిణాన, తూర్పున వదులుకున్న భూమిలో మరుసటి జూన్ 1 తరువాత ఏ విన్నెబాగో బృందమూ నివసించరాదు, పంట వేయరాదు, చేపలు పట్టరాదు, వేటాడరాదు అని దాని పదకొండవ అధికరణం చెప్పింది. ఈ నాలుగు నిషేధాల జాబితాలో అడవి మొక్కల సేకరణ లేదు. అది ఆడవారి పని కనుక, సైనికాధికారుల కంటికి ఆనలేదని అనుకోవడానికి ఆస్కారం ఉన్నది. ఏమైనా, నివాసమే నిషిద్ధమైన చోట సేకరణకు తావు ఎక్కడిది?

ఆ కంటికి ఆనని పని మీదే హోచంక్ ఇంటి దినచర్యలో చాలా భాగం నిలిచింది. మిసిసిపీ వెనుకజలాల్లో పసుపు తామర విస్తారంగా పెరుగుతుంది. మన చెరువుల్లోని తామరకు అది సొంత తోబుట్టువు. ఆ ప్రజాతిలో నేడు భూమి మీద మిగిలినవి ఈ రెండే జాతులు. స్త్రీలు నీటిలోకి దిగి, బురదలో కాలి వేళ్ళతో తడిమి దుంపను గుర్తించి, పైకి లాగేవారు. దాన్ని ముక్కలుగా కోసి, దండలుగా గుచ్చి ఎండబెట్టి, చలికాలంలో మాంసంతో కలిపి ఉడికించేవారు. మన జిల్లేడు కుటుంబానికే చెందిన మిల్క్‌వీడ్ మొక్క లేత మొలకలను, పూమొగ్గలను, పచ్చి కాయలను రుతువును బట్టి కోసి వండుకొనేవారు. ఆ పులుసు నేటికీ హోచంక్ ఇళ్ళలో వేసవి వంట. ఏపియోస్ అనే చిక్కుడు జాతి తీగకు పూసల్లా వరుసగా ఊరే దుంపలు, అడవి వరి, హేజెల్ కాయలు, బ్లూబెర్రీలు, క్రాన్‌బెర్రీలు ఏడాది పొడవునా వంతుల వారీగా అందేవి. జమ్ము ఆకులతో అల్లిన చాపలు గుడిసెలకు గోడలయ్యేవి. జమ్ము కంకి దూది పసిపిల్లల పడకకు పనికి వచ్చేది. బాస్‌వుడ్ చెట్టు లోపలి నార తాళ్ళకు, కట్లకు వాడేవారు. మందులకు, పూజలకు వాడే మొక్కల గురించి రాయడం సముచితం కాదు. అవి ఆ కుటుంబాలకే చెందిన విషయాలు.

ఈ పద్ధతిలో బతకడానికి ఒక్కచోట ఉన్న తోట సరిపోదు. మార్చిలో మేపుల్ తోపు, జూన్‌లో మిల్క్‌వీడ్ పెరిగే గడ్డి మైదానం, ఎండాకాలం చివర వరి ఉన్న చిత్తడి, శరదృతువులో తామర మడుగు ఇలా ఒక కుటుంబం ఏడాదిలో చాలా చోట్లకు తిరగాలి. 1837 ఒడంబడిక భూమి యాజమాన్యంతో పాటు ఈ తిరుగుడు దారినీ తెంచింది.

ఆ తరువాతి కథ క్లుప్తంగా చెప్పాలి. 1840లో సైన్యం వారిని అయోవాకు తరిమింది. 1848లో మధ్య మిన్నెసోటాలోని లాంగ్ ప్రెయిరీకి, 1855లో బ్లూ అర్త్ ప్రాంతానికి, 1862లో డకోటా జాతికీ అమెరికాకూ జరిగిన యుద్ధంలో వారి పాత్ర లేకపోయినా 1863లో దక్షిణ డకోటాలోని క్రో క్రీక్‌కు పంపారు. క్రో క్రీక్‌లో ఆకలి, జబ్బులతో వందలాది మంది చనిపోయారు. మిగిలిన వారు మిసోరీ నది వెంబడి ఒమాహా జాతి వారి దగ్గరికి చేరుకోగా, 1865లో ఒమాహాల భూమిలో కొంత వారికి కేటాయించారు. నెబ్రాస్కా శాఖ అలా ఏర్పడింది. కాని ప్రతి తరలింపులోనూ కొందరు తిరిగి విస్కాన్సిన్‌కు నడిచి వచ్చారు. 1837 పత్రం మీద సంతకం చేసిన ఎల్లో థండర్ కూడా తరలింపు నుంచి తిరిగి వచ్చి, 1849లో విస్కాన్సిన్ నది ఒడ్డున 40 ఎకరాలు కొనుక్కొని, భూమి యజమానిగా అక్కడే ఉండిపోయాడు. 1873–74 చలికాలంలో చివరిసారిగా బలవంతంగా రైలెక్కించి నెబ్రాస్కాకు తరలించిన వందలాది మందిలో అధిక భాగం ఏడాది తిరగకముందే వెనక్కి వచ్చారు. 1875, 1881 నాటి చట్టాల కింద కొన్ని కుటుంబాలకు చిన్న చిన్న ఇంటి భూములు దక్కాయి, అవి కూడా ఎవరూ కోరని ఇసుక నేలల్లో.

చట్టం దృష్టిలో లేని మనుషులు విస్కాన్సిన్‌లో నిలదొక్కుకున్నది మొక్కల ఆధారంగానే. బ్లూబెర్రీలు ఏరి పట్టణాల్లో అమ్మారు. బ్లాక్ రివర్ ఫాల్స్ చుట్టుపక్కల క్రాన్‌బెర్రీ చిత్తడుల్లో కోత కాలంలో కుటుంబాలు గుడారాలు వేసుకొని కూలి పని చేశాయి. ఇరవయ్యో శతాబ్దంలో నల్ల యాష్ అనే చిత్తడి చెట్టు దుంగను గొడ్డలి మడమతో కొట్టి, వార్షిక వలయాలు పొరలుగా విడిపోతే, ఆ బద్దలతో బుట్టలు అల్లి రహదారి పక్కన అమ్ముకున్నారు. ఈ బుట్టల విద్యను తూర్పు నుంచి వచ్చి స్థిరపడ్డ జాతుల నుంచి నేర్చుకున్నారని పరిశోధకులు అంటారు. ఇది రాష్ట్రానికి అనుకూలమైన వాదన కూడా అవుతుంది: ఒడంబడిక కాలంలో లేని ఆచారానికి ఒడంబడిక హక్కు ఎక్కడిది అని. అయితే తరిమివేతల మధ్య కొత్తగా నేర్చుకున్న పని కూడా అడవితో బంధమే కదా.

మిల్వాకీ పబ్లిక్ మ్యూజియం వృక్షశాస్త్రజ్ఞుడు హ్యూరాన్ స్మిత్ 1920ల చివరలో, 1930ల మొదట్లో హోచంక్ ఇళ్ళకు వెళ్ళి మొక్కల ఉపయోగాలను రాసుకున్నాడు. మెనోమినీ, మెస్క్వాకీ, ఓజిబ్వే, పొటవాటోమీ జాతుల గురించిన ఆయన పుస్తకాలు వెలువడ్డాయి కాని, 1933లో ఆయన ప్రమాదంలో చనిపోవడంతో హోచంక్ రాతలు మ్యూజియంలోనే ఉండిపోయాయి. అవి 1998లో గాని అచ్చు కాలేదు. నెబ్రాస్కా వైపు మెల్విన్ గిల్మోర్ మిసోరీ ప్రాంతపు జాతుల మొక్కల వాడుకను 1919లో ప్రచురించగా, అందులో విన్నెబాగో పేర్లు వరుసగా కనిపిస్తాయి. అంటే, ఈ ప్రజల మొక్కల జ్ఞానం గురించి సాక్ష్యం లేదని ఎవరూ అనలేరు; సాక్ష్యం ఉన్నది, హక్కు మాత్రం లేదు.

ఓజిబ్వేల అయిదవ అధికరణం ఒక శతాబ్దం పైగా అటకెక్కి ఉన్నది. 1983లో ఫెడరల్ అప్పీలు కోర్టు వోయిట్ కేసులో ఆ హక్కులు ఇంకా సజీవంగా ఉన్నాయని తీర్పు ఇవ్వడంతో అంతా మారింది. ఓజిబ్వేలు చేపలు పట్టడాన్ని వ్యతిరేకిస్తూ పడవల రేవుల దగ్గర తెల్లవారి గుంపులు చేసిన గొడవ వార్తలకెక్కింది. కాని మొక్కలకు సంబంధించిన తీర్పు 1991లో నిశ్శబ్దంగా వచ్చింది. వ్యాపారానికి కలప కొట్టే హక్కు లేదని, అయితే బెరడు, మేపుల్ నీరు, కొమ్మలు, వంటచెరకు వంటివి ప్రభుత్వ భూముల నుంచి సేకరించుకోవచ్చని జిల్లా జడ్జి బార్బరా క్రాబ్ చెప్పారు. 1999లో సుప్రీంకోర్టు మిన్నెసోటాలోని ఓజిబ్వే శాఖ అయిన మిల్లే లాక్స్ వారి కేసులో 5–4 తేడాతో అదే 1837 ఒడంబడిక హక్కులను నిలబెట్టింది. ఈ తీర్పులకు ముఖ్య ఆధారాల్లో ఆ వాక్యం ఒకటి. హోచంక్ న్యాయవాదులకు చూపడానికి అటువంటి వాక్యం లేదు.

ఈ లోటును పూడ్చడానికి వచ్చిన ఏర్పాట్లు పాక్షికమైనవి. 2008 వ్యవసాయ చట్టం ద్వారా జాతీయ అడవుల నుంచి సంప్రదాయ అవసరాలకు అటవీ ఉత్పత్తులను రుసుము లేకుండా పొందే వీలు కలిగింది. 2016లో నేషనల్ పార్క్ సర్వీసు చేసిన నియమం ప్రకారం, ఒక పార్కుతో సంప్రదాయ బంధం ఉన్న జాతి ఒప్పందం కుదుర్చుకొని, పర్యావరణ పరిశీలన పూర్తయ్యాక, అమ్మకానికి కాకుండా మొక్కలు సేకరించుకోవచ్చు. అరిజోనాలో టొహోనో ఓఓధామ్‌లు 2018లో, గ్రేట్ స్మోకీ పర్వతాల్లో తూర్పు చెరోకీలు 2019లో ఇటువంటి ఒప్పందాలు చేసుకున్నారు. తామర మడుగులున్న మిసిసిపీ తీరంలో చాలా భాగం 1924లో ఏర్పడిన వన్యప్రాణి శరణాలయం కిందికి వస్తుంది. అక్కడ అనుమతి లేకుండా మొక్క తీయరాదు.

రాష్ట్ర భూముల్లో నిబంధన అందరికీ ఒకటే. తినదగిన పండ్లు, గింజ కాయలు, అడవి పుట్టగొడుగులు, ఆస్పరాగస్ మొలకలు, వాటర్‌క్రెస్ అనే నీటి ఆకుకూర సొంత తిండికి చేత్తో కోసుకోవచ్చు. ఆస్పరాగస్, వాటర్‌క్రెస్ రెండూ ఐరోపా నుంచి వచ్చిన మొక్కలు. మిల్క్‌వీడ్ మొలకలు గాని, తామర దుంప గాని, ఏపియోస్ గాని, యాష్ దుంగ గాని ఆ జాబితాలో లేవు. అందరికీ సమానంగా వర్తించే నియమం అని రాష్ట్రం చెప్పే మాట అక్షరాలా నిజమే. మొక్కల సంరక్షణ అవసరమన్నదీ నిజమే. కాని ఆ జాబితా వలస వచ్చిన వారి వంటింటిని చూసి రాసినది, ఆ నేల మీద అంతకు ముందు ఉన్న వంటింటిని చూసి కాదు. అది నిషేధమని చెప్పకుండానే నిషేధించింది.

వేరే దారి సాధ్యమని విస్కాన్సిన్‌లోనే రుజువు ఉన్నది. కికపూ లోయలో 1975లో ఆగిపోయిన లా ఫార్జ్ ఆనకట్ట కోసం సేకరించిన సుమారు 8,600 ఎకరాల్లో 1,200 ఎకరాల వరకు హోచంక్ నేషన్ తరఫున కేంద్రం ట్రస్టులోకి మార్చడానికి 1996 చట్టం వీలు కల్పించింది. 1997 అవగాహన పత్రం మేరకు రాష్ట్రం, హోచంక్ నేషన్ కలిసి ఆ కికపూ లోయను నిర్వహిస్తున్నాయి. సాక్ ప్రెయిరీలోని పాత బ్యాడ్జర్ మందుగుండు కర్మాగారం భూమిలో దాదాపు 1,550 ఎకరాలు 2014 చివరలో చేసిన చట్టంతో హోచంక్ చేతికి వచ్చాయి. దీన్నిబట్టి, ఒడంబడికలో వాక్యం లేకపోయినా కొత్త వాక్యం రాసుకొనే అధికారం రాష్ట్రానికీ, జాతికీ ఉన్నదని తేలుతుంది. బ్లాక్ రివర్ ఫాల్స్ పక్కనే సుమారు 68,000 ఎకరాల రాష్ట్ర అటవీ భూమి ఉన్నది. అక్కడ అటువంటి సేకరణ ఒప్పందం కుదుర్చుకోకూడదనడానికి చట్టపరమైన అడ్డంకి కంటే అలవాటే ప్రధాన కారణంగా కనిపిస్తుంది.

ఈ చర్చకు తొందర తెచ్చినది నల్ల యాష్. 2002లో మిషిగన్‌లో గుర్తించిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే తొలిచే పురుగు 2008లో విస్కాన్సిన్‌లో కనబడింది. ముడులు లేకుండా నిటారుగా పెరిగి, బుట్టకు పనికి వచ్చే నల్ల యాష్ సిద్ధం కావడానికి దశాబ్దాలు పడుతుంది. పురుగు పట్టిన చెట్టు కొద్ది ఏళ్ళలోనే చచ్చిపోతుంది. చెట్లు కొట్టడానికీ, విత్తనం భద్రపరచడానికీ, అల్లేవారు పిల్లలకు నేర్పడానికీ ప్రభుత్వ చిత్తడుల్లోకి ప్రవేశం కావాలి. ఆ ప్రవేశానికి షరతులు ఏమిటన్నది ఒప్పందంగా రాసుకోవలసిన పని, చెట్లు ఇంకా నిలిచి ఉన్న ఈ కొద్ది కాలంలోనే పూర్తి చేయవలసి ఉన్నది.