ఆఫీసు సర్వర్‌లో అందరికీ ఒకే మెయిల్: అపోహలు - వాస్తవాలు

చిన్న ఆఫీసుల నుంచి నాకు వచ్చే కోరిక దాదాపు ఒకటే: "సర్వర్ ఉంది కదండీ, అందులో అవుట్‌లుక్ మెయిల్ ప్రోగ్రామ్ ఎక్కించేసి అందరికీ షేర్ చేసేయండి." అలా అడగడంలో తప్పు లేదు. వర్డ్ ఫైళ్లు, ఎక్సెల్ ఫైళ్లు అలాగే వాడుకుంటున్నప్పుడు మెయిల్ ఎందుకు కుదరదని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ తేడా ఎక్కడుందో తెలియక ఏళ్ల నాటి ఉత్తరాలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను. పంచుకోవాల్సింది ప్రోగ్రామునూ కాదు, దాని ఫైలునూ కాదు. సర్వర్‌లో మెయిల్స్ ఉండే చోటును, అంటే మెయిల్‌బాక్సును.

అపోహ: ప్రోగ్రామ్ సర్వర్‌లో ఒక్కసారి ఇన్‌స్టాల్ చేస్తే అందరికీ వచ్చేస్తుంది.

సర్వర్‌లో ఉన్న ప్రోగ్రామ్‌కు షార్ట్‌కట్ పెట్టి క్లిక్ చేసినా అది నడిచేది మీ సిస్టమ్ మెమరీలోనే. అకౌంట్ వివరాలు మీ విండోస్ ప్రొఫైల్‌లో, రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల చిట్టాలో) ఉంటాయి, సర్వర్‌లో కాదు. రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్ (దూరం నుంచి లాగిన్ అయి అందులోనే పని చేసుకునే సర్వర్) ఉంటే ప్రోగ్రామ్ నిజంగానే అక్కడ నడుస్తుంది గానీ, అక్కడ కూడా ఒక్కొక్కరికీ ఒక లాగిన్, ఒక ప్రొఫైల్ ఉండాల్సిందే. మామూలు ఆఫీసులో అయితే ప్రతి సిస్టమ్‌లోనూ విడిగా ఎక్కించడమే దారి.

అపోహ: పీఎస్‌టీ ఫైల్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో పెడితే అందరూ చూసుకోవచ్చు.

పీఎస్‌టీ అంటే అవుట్‌లుక్ మెయిల్స్ దాచుకునే ఫైల్. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. ఒకరు తెరిచి ఉంచిన పీఎస్‌టీని రెండో మనిషి తెరవలేరు, ఫైల్ వాడకంలో ఉందని అవుట్‌లుక్ ఆపేస్తుంది. పోనీ వంతులవారీగా వాడుకుందామంటే అది ఇంకా ప్రమాదం. పీఎస్‌టీ పైకి ఒక్క ఫైల్‌లా కనిపించినా లోపల అది చిన్నపాటి డేటాబేస్. ఒక మెయిల్ తెరిస్తే చాలు, 'చదివారు' అన్న గుర్తు పడి ఫైల్‌లోకి రాత జరుగుతుంది. ఆ రాత సగంలో ఉండగా వైఫై ఒక్క క్షణం తెగినా, ఎవరైనా ల్యాప్‌టాప్ మూత వేసినా లోపలి పట్టికల లెక్క తప్పుతుంది. రోజువారీ వాడకానికి పీఎస్‌టీని నెట్‌వర్క్ మీద ఉంచడాన్ని తాము సపోర్ట్ చేయమని మైక్రోసాఫ్టే చెబుతోంది.

ఒక ఆఫీసులో ఇద్దరు "నువ్వు మూసెయ్, నేను తెరుస్తా" అనుకుంటూ నెలల తరబడి నెట్టుకొచ్చారు. ఒక సాయంత్రం ఫైల్ తెరిచి ఉండగానే నెట్‌వర్క్ స్విచ్ రీస్టార్ట్ అయింది. మర్నాడు ఫైల్ తెరుచుకోలేదు. చెడిన పీఎస్‌టీని సరిచేసే స్కాన్‌పీఎస్‌టీ టూల్‌తో బాగు చేశాను. మెయిల్స్ చాలావరకు దొరికాయి గానీ కొన్ని పాత ఫోల్డర్ల పేర్లు పోయి అంతా 'లాస్ట్ అండ్ ఫౌండ్'లో కుప్పగా పడింది. ఆ కుప్పను విడదీసుకోవడానికి వాళ్లకు పట్టిన రోజులతో పోలిస్తే సరైన ఏర్పాటుకు పట్టేది ఒక్క పూట.

సైజు సంగతి కూడా చూసుకోండి. అవుట్‌లుక్ 2002 వరకు ఉన్న పాత రకం పీఎస్‌టీకి హద్దు 2 జీబీ. 2003 నుంచి మామూలుగా 20 జీబీ, 2010 నుంచి 50 జీబీ.

థండర్‌బర్డ్ అనే మరో మెయిల్ ప్రోగ్రామ్ వాడితే ఈ బాధ తప్పుతుందా? తప్పదు. అది కూడా ఒక ప్రొఫైల్‌ను ఒక సమయంలో ఒకరికే ఇస్తుంది, ఇంకొకరు తెరవకుండా ఒక తాళం ఫైల్ పెట్టుకుంటుంది. ఆ తాళం ఫైల్‌ను తీసేసి ఇద్దరూ తెరిచే 'చిట్కా' ఎవరైనా చెబితే దయచేసి వినకండి.

అపోహ: పాప్ పెట్టి, సర్వర్‌లో కాపీ ఉంచమని టిక్ చేస్తే సరిపోతుంది.

పాప్ (పాప్3), ఐమ్యాప్ అనేవి సర్వర్‌లోని మెయిల్‌ను చూసుకునే రెండు పద్ధతులు. పాప్3 పని మెయిల్‌ను మీ సిస్టమ్‌లోకి దించుకుని రావడం. కాపీ సర్వర్‌లో ఉంచినా, మీరు చదివిందీ జవాబిచ్చిందీ పక్క సిస్టమ్‌కు తెలియదు. మీరు పంపిన మెయిల్ మీ సిస్టమ్‌లోనే ఉండిపోతుంది. ఒకే కస్టమర్‌కు ఇద్దరు రెండు రకాల జవాబులు పంపేది ఇలాంటి చోటే. ఐమ్యాప్ ఆలోచనే వేరు. 1986లో స్టాన్‌ఫోర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ దాన్ని రూపొందించినప్పటి నుంచీ మెయిల్ ఉండే చోటు సర్వరే. చదివిన గుర్తు, జవాబిచ్చిన గుర్తు, ఫోల్డర్లు అన్నీ అక్కడే ఉంటాయి, ఎన్ని సిస్టమ్‌ల నుంచి చూసినా ఒకటే కనిపిస్తుంది. ఐమ్యాప్ సెట్టింగుల్లో పోర్ట్ (కనెక్షన్ వెళ్లే ద్వారం నంబరు) 993 పెట్టుకుంటే సర్వర్‌కు దారి మొదటి నుంచీ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే మధ్యలో ఎవరూ చదవలేకుండా ఉంటుంది.

అపోహ: ఒక అకౌంట్ తెరిచి పాస్‌వర్డ్ అందరికీ ఇస్తే అదే షేర్డ్ మెయిల్.

పని నడుస్తుంది. కానీ ఒక మెయిల్ మాయమైతే ఎవరు తీసేశారో తేలదు. ఒకరు ఉద్యోగం మానేస్తే అందరి సిస్టమ్‌లలోనూ పాస్‌వర్డ్ మార్చాలి. రెండంచెల లాగిన్ పెడితే ఓటీపీ ఎవరి ఫోన్‌కు వెళ్లాలి? మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ ఎక్స్చేంజ్‌లో షేర్డ్ మెయిల్‌బాక్స్, డవ్‌కాట్ అనే ఐమ్యాప్ సర్వర్‌లో ఏసీఎల్ (అనుమతుల జాబితా) ఉన్నవి ఇందుకే: ఎవరి లాగిన్ వారిది, మెయిల్‌బాక్స్ మీద అనుమతి మాత్రం అందరికీ. మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో నడిచే ఎక్స్చేంజ్ ఆన్‌లైన్‌లో 50 జీబీ వరకు షేర్డ్ మెయిల్‌బాక్స్‌కు విడిగా లైసెన్స్ అక్కర్లేదు, దాన్ని వాడేవాళ్లకు ఉంటే చాలు.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది. షేర్డ్ అడ్రస్ నుంచి పంపిన మెయిల్ కాపీ పంపినవారి సొంత 'సెంట్' ఫోల్డర్‌లోకి పోవచ్చు. షేర్డ్ మెయిల్‌బాక్స్‌లో కూడా కాపీ పడేలా అడ్మిన్ సెట్టింగ్ మార్చుకోండి. లేకపోతే పక్కవారికి ఆ జవాబు ఎప్పటికీ కనిపించదు.

అపోహ: మెయిల్ సర్వర్‌లోనే ఉంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదు.

ఒకరు డిలీట్ చేస్తే అందరి దగ్గరా పోతుంది. రెయిడ్ డిస్కులు (డేటాను పలు డిస్కుల్లో ఉంచే ఏర్పాటు) ఒక డిస్కు చెడిపోతే కాపాడతాయి, చెయ్యి జారిన డిలీట్‌ను కాదు. బ్యాకప్ విడిగా తీయండి. అప్పుడప్పుడూ అందులోంచి ఒక మెయిల్‌ను వెనక్కి తెచ్చి చూడండి.

అపోహ: సొంత మెయిల్ సర్వర్ పెట్టుకుంటే ఎవరి మీదా ఆధారపడనక్కర్లేదు.

మెయిల్ అందుకోవడం తేలికే. పంపింది అవతలివారి ఇన్‌బాక్స్‌లో పడాలంటే మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్, రివర్స్ డీఎన్ఎస్ సెట్టింగులన్నీ సరిగ్గా ఉండాలి. పైగా చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో, మెయిల్ సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ పంపుకునే 25వ పోర్ట్ మూసేసి ఉంటుంది. రోజూ చూసుకునే మనిషి లేని ఆఫీసుకు వేరే కంపెనీ నడిపే హోస్టింగ్ మెయిలే నా సలహా.

అపోహ: చదివినట్టు కనిపిస్తే ఎవరో పని మొదలుపెట్టినట్టే.

షేర్డ్ మెయిల్‌బాక్స్‌లో చదివిన గుర్తు మామూలుగా అందరికీ ఒకటే. డవ్‌కాట్‌లో విడివిడిగా ఉంచే వీలుంది గానీ చాలాచోట్ల అలా పెట్టరు. అందుకే ఒకరు ఊరికే తొంగి చూసిన మెయిల్ మిగతావాళ్ల కళ్లకు పాతదైపోతుంది, జవాబు ఎవరూ ఇవ్వరు. నేను ఏర్పాటు చేసే ప్రతిచోటా ఇన్‌బాక్స్ కింద ఒక్కొక్కరి పేరుతో ఒక ఫోల్డర్ పెట్టిస్తాను. పని తీసుకున్నవారు మెయిల్‌ను ముందు తమ ఫోల్డర్‌లోకి జరిపి, తర్వాతే జవాబు రాయడం మొదలుపెట్టాలి. ప్రివ్యూ పేన్‌లో చూసినంత మాత్రాన చదివినట్టు గుర్తు పడే ఆప్షన్‌ను కూడా ప్రతి సిస్టమ్‌లోనూ తీసేస్తాను.