మంచి మనసుతో చేసినా గొడవలెందుకు? అపోహలు - వాస్తవాలు

కుటుంబ తగాదాల్లో మధ్యవర్తిగా పనిచేస్తాను. నా ముందు కూర్చునేవాళ్లలో ఎదుటివాళ్లను బాధపెట్టాలనే పని మొదలుపెట్టినవాళ్లు చాలా తక్కువ. “మంచికి పోతే చెడు ఎదురైంది” అనేవాళ్లే ఎక్కువ. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ మాట వెనక కొన్ని అపోహలున్నాయి. రెండు రోజుల్లో సర్దుకోవాల్సిన గొడవను ఏళ్ల తరబడి సాగదీసేవి అవే.

అపోహ: నా మనసులో ఏముందో నావాళ్లకు తెలుసు.

వాస్తవం: చాలాసార్లు తెలియదు. 1990లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు ఒక ప్రయోగం చేశారు. కొందరు బాగా తెలిసిన పాటల దరువును బల్లమీద వేళ్లతో కొట్టాలి, వినేవాళ్లు అది ఏ పాటో చెప్పాలి. సగం పాటలైనా గుర్తుపడతారని కొట్టినవాళ్లు అనుకున్నారు. నిజానికి గుర్తుపట్టింది 120 పాటల్లో 3. కొట్టేవాళ్ల తలలో పాట మొత్తం వినిపిస్తుంటుంది, వినేవాళ్లకు మాత్రం టకటక శబ్దమే. “నాకెంత ప్రేముందో వాడికి తెలీదా?” అని అడిగే తల్లిదండ్రులకు ఈ ప్రయోగం గురించి తప్పకుండా చెబుతాను.

అపోహ: బాధపడతారని దాచాను. దానికి కోపం దేనికి?

వాస్తవం: ఇలాంటి గొడవ రకరకాల రూపాల్లో చూస్తుంటాను. తల్లికి ఆపరేషన్, వేరే ఊళ్లో చదువుకుంటున్న చెల్లెలికి పరీక్షలు. టెన్షన్ పడుతుందని అన్న ఆమెకు చెప్పడు. ఆసుపత్రిలో రాత్రుళ్లు ఒక్కడే కూర్చుంటాడు. చెల్లెలు ఫోన్ చేస్తే వరండాలోకి వెళ్లి, గొంతు సర్దుకుని, “అమ్మ పడుకుంది” అంటాడు. సంగతి తెలిశాక చెల్లెలు అదే ఫోన్ గుర్తుచేసుకుని కుమిలిపోతుంది. అమ్మ అక్కడ మంచం మీద ఉంటే తను ఇక్కడ నవ్వుతూ కబుర్లు చెప్పింది మరి.

ఇద్దరి బాధా నిజమే. అన్న ప్రేమ మీద ఆమెకు అనుమానం లేదు. తన తల్లి విషయంలో తనను అడగకుండా నిర్ణయం జరిగిపోయిందన్నదే ఆమె కోపం. ఇది పట్టుకోనంతకాలం అన్న “నీ కోసమే చేశాను” అంటూనే ఉంటాడు, చెల్లెలు “నన్ను పరాయిదాన్ని చేశావు” అంటూనే ఉంటుంది. అలాంటప్పుడు కారణాలు కాసేపు పక్కన పెట్టి, “నిన్ను అడగకుండా నేనే తేల్చేశాను. నీకెలా అనిపించిందో చెప్పు” అని మొదలుపెట్టమంటాను. ఆమె చెప్పుకున్నాక అన్న తన రాత్రుల గురించి చెబితే ఆమె వినగలుగుతుంది. ముందే చెబితే అది సంజాయిషీలాగే వినిపిస్తుంది.

అపోహ: మంచి మాట వినకపోవడం మొండితనం.

వాస్తవం: ఎంచుకునే స్వేచ్ఛ పోతోందని అనిపిస్తే మనిషి దాన్ని మళ్లీ దక్కించుకోవాలని చూస్తాడని జాక్ బ్రేమ్ అనే మనస్తత్వవేత్త 1966లోనే వివరించారు. “నీ మంచికే” అంటూ అదే సలహా పదేపదే చెబితే, ఆ సలహా నచ్చినవాళ్లు కూడా ఎదురు తిరగొచ్చు. “సలహా కావాలా, వింటే చాలా?” అని ముందే అడగండి. వింటే చాలంటే నిజంగా వినండి, చివర్లో సలహా ఇరికించకండి.

అపోహ: నేను చేసిన సాయం వాళ్లకు తెలియాలి.

వాస్తవం: అన్నిసార్లూ అక్కర్లేదు. న్యాయవాద పరీక్షకు చదువుతున్నవాళ్ల మీద నియల్ బోల్గర్ అనే మనస్తత్వవేత్త బృందం చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. పరీక్షకు చదివేవాళ్లు, వాళ్ల భాగస్వాములు ఇద్దరూ రోజూ డైరీ రాశారు. ఒకరు చేశామని రాసినా రెండోవాళ్లు గమనించని సాయమే దిగులు తగ్గడంతో ముడిపడి కనిపించింది. మాటిమాటికీ గుర్తుచేసే సాయం “నీకు చేతకాదు” అన్నట్టు తగలొచ్చు.

అపోహ: ఉద్దేశం మంచిదైతే ఏదైనా మాట్లాడుకుని సర్దుకోవచ్చు.

వాస్తవం: దీనితో నేను అస్సలు ఒప్పుకోను. ఫోన్ తనిఖీ చేయడం, డబ్బు చేతికివ్వకపోవడం, బయటికి వెళ్లనివ్వకపోవడం, కొట్టడం కూడా “ప్రేమతోనే” అని చెప్పేవాళ్లున్నారు. ఒకరికి రెండోవాళ్లంటే భయం ఉన్నప్పుడు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదు. నిజం చెప్పినందుకు ఇంటికెళ్లాక ఏం జరుగుతుందో గదిలో ఉన్న మధ్యవర్తికి తెలియదు. అందుకే మొదట ఇద్దరితో విడివిడిగా మాట్లాడతాను. భయం ఉందని తెలిస్తే మధ్యవర్తిత్వం అక్కడితో ఆపేసి, ఆ మనిషికి రక్షణ, న్యాయ సహాయం దొరికేలా చూస్తాను.