చదువురాని పెద్దల గురించి పిల్లలకు ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. పల్లెల్లో ఇంకా అంతమందికి చదువు ఎందుకు రాదని మీరు అడుగుతుంటారు. వాళ్లకు చదువంటే ఇష్టం లేదని ఎవరైనా చెబితే నమ్మకండి.

ప్రపంచంలో 70 కోట్ల మందికి పైగా ఇప్పటికీ చదవడం, రాయడం రాదని యునెస్కో లెక్కలు చెబుతున్నాయి. వాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది స్త్రీలు. ఇది తెలివికి సంబంధించిన విషయం కాదని తేల్చడానికి ఈ ఒక్క సంగతి చాలదా? బడి దూరమైతే ముందుగా మాన్పించేది ఆడపిల్లనే. నీళ్లు మోయాలన్నా, తమ్ముణ్ని ఎత్తుకుని ఇంటిపట్టున ఉండాలన్నా ఆమే కావాలి.

మగపిల్లలకైనా దారి సాఫీగా ఉండదు. కోతల రోజుల్లో ఇంటిల్లిపాదీ పొలానికి వెళ్లాలి. నెల్లాళ్ల తర్వాత తిరిగి బడికొచ్చిన పిల్లవాడికి పాఠం అందదు. ఇంట్లో అడుగుదామంటే అమ్మానాన్నలకూ అక్షరాలు రావు. ఇంటి భాష ఒకటి, పుస్తకంలోని భాష మరొకటి అయితే కష్టం రెట్టింపవుతుంది. నాలుగుసార్లు అందరి ముందూ తలదించుకున్నాక వాడు బడి మానేస్తాడు. అప్పుడు ఊరంతా 'వాడికి చదువు అబ్బలేదు' అంటుంది. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. వాడి పనిరోజులను లెక్కలోకి తీసుకోని బడిని మాత్రం ఎవరూ ఏమీ అనరు.

అక్షరం రాకపోవడం ఎలా ఉంటుందో చెబుతాను. ఒక పెద్దావిడ రక్తపోటు మాత్రలను అట్ట రంగును బట్టి గుర్తుపెట్టుకుంటుంది. ఒక నెల అదే మందు వేరే రంగు అట్టలో వస్తుంది. ఏది పొద్దున వేసుకోవాలో, ఏది రాత్రి వేసుకోవాలో తేల్చుకోలేక, ఎవరైనా వచ్చి చెప్పేదాకా అలాగే కూర్చుంటుంది. అప్పుకాగితం మీద వేలిముద్ర వేసేవాళ్ల సంగతీ ఇంతే. అందులో వడ్డీ ఎంత రాశారో ఎదుటివాడు చెప్పిందే నమ్మాలి.

దీన్ని మార్చలేమా అంటే, మార్చినవాళ్లున్నారు. వాళ్లలో మీ వయసువాళ్లూ ఉన్నారు. 1961లో క్యూబాలో బడులకు సెలవులిచ్చి, లక్ష మందికి పైగా విద్యార్థులను పల్లెలకు పంపారు. పిల్లలు రైతుల ఇళ్లలోనే ఉండి, పగలు వాళ్లతో పొలం పనులు చేసి, రాత్రి లాంతరు వెలుగులో చదువు చెప్పారు. ఆ ఏడాదిలో 7 లక్షల మందికి పైగా చదవడం, రాయడం నేర్చుకున్నారు. చివరి పరీక్షగా ప్రతి ఒక్కరూ దేశ నాయకుడికి స్వయంగా ఒక ఉత్తరం రాశారు. అక్కడ చదువే ఇంటికి వెళ్లింది, అదీ పని ముగిశాక. నా దృష్టిలో అసలు కిటుకు అదే.

ఇంకొకటి మరవకండి. నేర్చుకున్న అక్షరాలు వాడకపోతే మెల్లగా మరుపున పడతాయి. సంతకం నేర్పి అక్షరాస్యత సాధించామని చేతులు దులుపుకునే పథకాలు అందుకే నిలబడవు. క్యూబాలో ఆ తర్వాత కూడా పెద్దలకు తరగతులు కొనసాగించారు. ప్రతి పల్లెలో చిన్న గ్రంథాలయం, పని వేళలకు తగిన రాత్రిబడి, దగ్గరలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉన్న బడి ఉండాలి. ఇవి ప్రభుత్వాలు చేయాల్సినవి, మనం పట్టుబట్టి అడగాల్సినవి.

మీ చేతిలో ఉన్నదీ ఒకటుంది. మీకు తెలిసిన పెద్దవాళ్లెవరికైనా చదువు రాకపోతే రోజూ ఓ అరగంట పక్కన కూర్చోండి. చిన్నపిల్లల వాచకంతో మొదలుపెట్టకండి, వాళ్లకు చిన్నతనంగా ఉంటుంది. వాళ్ల మందుల అట్టతో, కరెంటు బిల్లుతో, వాళ్ల పిల్లల పేర్లతో మొదలుపెట్టండి. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఉంటే తొందరపడి మీరే చదివేయకండి.

ప్రేమతో,
మీ తాతయ్య